అద్దాలు ఎత్తిన కారు

1999 జులై 4, ఆదివారం

మా ఆయన ఎల్లేశం పోయి ఐదు నెలలు. ఈ డైరీ ఆయనదే, కరెంటాఫీసులో ఇచ్చారు. ఫిబ్రవరి దాకా మీటర్ నంబర్లు, ఫ్యూజు కాల్ వివరాలు. తర్వాత అన్నీ తెల్ల కాగితాలే. అట్లా ఉంచడం నా వల్ల కాలేదు.

కారు కూడా ఆయనదే. హైదరాబాద్‌లో ఎవరో ఆఫీసర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. నాకు డ్రైవింగ్ నేర్పాడు. నెల తిరక్కుండానే ఆఫీసు కుర్చీలోనే గుండె ఆగిపోయింది. రేపటి నుంచి కట్టంగూర్ బడికి అందులోనే పోతాను. లెక్కల టీచర్ కారు నడిపితే ఊరేమీ కూలిపోదు.

జులై 12, సోమవారం

వాన. అద్దాలు పూర్తిగా ఎత్తుకుని పోయాను. కారు మధ్యమధ్య దగ్గుతోంది. డ్యాష్‌బోర్డులో ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది, ఆరలేదు.

హైవే ఎక్కాక చూస్తే ఎల్లేశం పక్క సీట్లో ఉన్నాడు.

గీతల చొక్కా. మోకాళ్ల మీద చేతులు. రోడ్డు వైపే చూస్తున్నాడు. నాకు భయం వేయలేదు. ఒళ్లంతా దూదిలో చుట్టినట్టు ఉంది. వాన నా కారు మీద కాదు, ఎక్కడో ఇంకెవరింటి రేకుల మీదో పడుతున్నట్టుంది. బడి గేటు దగ్గర బ్రేక్ వేసి తిరిగి చూశాను. లేడు.

జులై 13

వచ్చాడు.

జులై 14

ఎండ. అద్దాలు దించాను. రాలేదు.

జులై 23, శుక్రవారం

ఎండగా ఉన్నా అద్దాలు ఎత్తే నడుపుతున్నాను. చెమటలు. అయినా సరే.

ఆయన మాట్లాడడు. ఒకసారి మాత్రం గేరు మార్చమన్నట్టు తల ఊపాడు. మార్చాను. పొలాలు నీళ్లలో కదిలినట్టు కదిలాయి. బడికి వచ్చేసరికి తల పగిలిపోతోంది. ఫస్ట్ పీరియడ్‌లో బోర్డు మీద అంకెలు ఈదాయి. నాలుగును ఏడు అన్నానట. పిల్లలు నవ్వారు. నాకు కోపం రాలేదు. సాయంత్రం మళ్లీ కారు ఎక్కుతానుగా.

ఆగస్టు 1, ఆదివారం

అత్తమ్మను కట్టంగూర్‌లో వాళ్ల చెల్లె ఇంటికి తీసుకెళ్లాను. వెనుక సీట్లో దారి పొడుగునా కళ్లు మూసుకునే ఉంది. దిగేటప్పుడు తూలింది. ఏమైందని అడిగితే, ఏంలే బిడ్డా, మంచిగ నిద్రవట్టింది, అంది.

ఆగస్టు 9, సోమవారం

హైదరాబాద్ రోడ్డు మీద కారు ఆగిపోయింది. వెనుక నల్లటి పొగ. మెకానిక్ ఖుద్దూస్ భాయ్ షెడ్డు దగ్గరే ఉంది కాబట్టి నలుగురు తోసుకుంటూ చేర్చారు. భాయ్ అరవై ఏళ్ల మనిషి. ప్లగ్గులు విప్పి చూపించాడు, కాటుకలా ఉన్నాయి. పెట్రోల్ నీళ్లలెక్క తాగుతాంది మేడం, ఎందుకో జూస్త, జర టైమియ్యి, అన్నాడు.

ఆగస్టు 11, బుధవారం

ప్లగ్గులు మార్చాడు. ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. పొగ తగ్గలేదు. ఇవాళ ఇంజన్ వేడెక్కే దాకా నడిపించి, సైలెన్సర్ గొట్టం మొదట్లో బిగించి ఉన్న ఒక చిన్న వస్తువు వైరుకు మీటరు పెట్టాడు. ఆక్సిజన్ సెన్సార్ అట. ముల్లు అటూ ఇటూ ఊగాలట. సున్నా దగ్గరే పడుకుంది.

నాకు అర్థమయ్యేలా చెప్పాడు. పొగల గాలెంత మిగిలిందో గీ సెన్సార్ జూసి బండ్లున్న కంప్యూటర్‌కు చెప్తది మేడం. గిదేమో చెడిపోయి, గాలెక్కువున్నది, పెట్రోల్ తక్కువైంది అని అబద్ధం జెప్తాంది. కంప్యూటర్ పాపం నమ్మి ఇంకింత పోస్తాంది.

తర్వాత టార్చి వేసి సెన్సార్ చుట్టూ ఉన్న మసి చూపించాడు. ఇంతకుముందు ఎవరో అడ్డదిడ్డంగా బిగించి, అది కూర్చునే రంధ్రంలో మరచుట్లు పాడుచేశారు. ఆ సందులోంచి పొగ కారుతోంది. బయటి గాలి వచ్చే రంధ్రాల గుండా కారు లోపలికి దూరుతోంది.

ఆపి, నా ముఖం చూశాడు. మేడం, బండ్ల కూసుంటే తలకాయ నొస్తదా? నిద్రొచ్చినట్టయితదా? లేనివి గిట్ల కనవడతయా?

నేను వంగి మసి వైపే చూశాను.

ఆయన చెప్పాడు. మా అన్న మెహమూద్ గట్లనే పోయిండు. టాక్సీ నడుపుతుండె. చలికని అద్దాలు మూసి, ఇంజన్ చాలూ వెట్టి పండుకున్నడు. పొద్దుగాల లేపుదామని నేనే పోయిన. ముఖం ఎర్రగ, నవ్వుతున్నట్టే ఉండె.

సెన్సార్ రాణిగంజ్ స్పేర్ పార్టుల బజారు నుంచి రావాలి, పది రోజులు. షెడ్డులో జాగా లేదని కారు ఇంటి ముందు పెట్టిపోయాడు. అప్పటిదాంక ముట్టొద్దు, నీ కాళ్లు మొక్కుత, అన్నాడు. అంత పెద్దమనిషి.

ఆగస్టు 13

బస్సు. కిటికీ పక్క సీటు. తలనొప్పి లేదు. నాలుగు నాలుగులాగే ఉంది. ఏడుపొచ్చింది.

ఖుద్దూస్ భాయ్ మీద కోపంగా ఉంది. ఎవరడిగారు ఆయన్ని?

ఆగస్టు 15, ఆదివారం

నిజం రాస్తాను. అత్తమ్మకు చెప్పినట్టు బస్సు తప్పిపోలేదు. బస్టాండుకే పోలేదు. జెండా వందనం వంక దొరికింది, వాన దొరికింది. అద్దాలు ఎత్తాను.

వచ్చాడు. ఈసారి నా వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. ఏం చెప్తాడో వినాలని నేనూ తిరిగాను. చాలాసేపు తిరిగే ఉన్నాననుకుంటాను.

లారీ హారన్ నా ఎముకల్లోంచి వచ్చినట్టు వినిపించింది. స్టీరింగ్ లాగాను. కారు మట్టిలోకి దిగి ఆగింది. తలుపు తీసి వానలోకి పడ్డాను. వాంతి. లారీ డ్రైవర్ వెనక్కి పరుగెత్తుకొచ్చి తిట్టడం మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశాడు. సచ్చిపోదువు గదమ్మా అన్నాడు, మెల్లగా.

అద్దాలన్నీ దించి, తడుస్తూ ఇంటికి తెచ్చాను. ఎల్లేశం ఏమీ చెప్పబోలేదు. ఆ నోరు పొగది. అది రాయడానికి చాలాసేపు పట్టింది.

ఆగస్టు 16, సోమవారం

అత్తమ్మకు అంతా చెప్పాను. పిచ్చి అంటుందనుకున్నాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని నెమ్మదిగా అడిగింది. ముందు సీట్లనా? కాదు బిడ్డా, యెనుక సీట్ల నా పక్కపొంటి కూసున్నడు. నా తొడ మీద తల వెట్టిండు.

ఆ రోజు ఆమె నిద్రపోలేదన్నమాట.

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. బాగుజేయించకు కౌసల్యా. పాడైతే మనకేం బాధ? నేను ముసలిదాన్నే కదా, ఒక్కసారి తిప్పుకరా.

ఊఁ అనేదాన్నే. కానీ చెయ్యి అంత సన్నగా ఉంది. ఆ చేతిని ఆ కారులో ఎట్లా కూర్చోబెట్టను? నువ్వు కూడ పోతే నాకెవరున్నరు అత్తమ్మా, అన్నాను. గట్టిగా అరిచినట్టే అన్నాను. ఆమె చెయ్యి తీసుకుంది. అన్నం తినలేదు.

ఆగస్టు 21, శనివారం

సెన్సార్ వచ్చింది. బొటనవేలంత ఉంది. దీని కోసమా ఇంత.

పాతది తుప్పుతో పట్టేసింది. ఇంజన్ కాసేపు వేడిచేసి, నూనె పోసి, పెద్ద పానా వేసి ఖుద్దూస్ భాయ్ బరువంతా మోపాడు. కిర్రుమని ఒక్కసారి వదిలింది. కొసంతా మసి. పాడైన మరచుట్లు మళ్లీ కోశాడు. కొత్త వాషర్, కొత్త సెన్సార్. స్టార్ట్ చేశాడు. మీటరు ముల్లు లేచి ఊగింది, అటూ ఇటూ, అటూ ఇటూ. పసుపు లైటు ఆరిపోయింది. పొగ లేదు. అద్దాలన్నీ మూసుకుని కారులో పావుగంట ఒక్కడే కూర్చున్నాడు. నేను బయట నిలబడి అద్దంలోంచి ఆయన ముఖమే చూస్తూ ఉన్నాను. దిగి, ఏం కనవడలే, అన్నాడు. నేను ఆయనకు ఏమీ చెప్పలేదే.

ఆగస్టు 22, ఆదివారం

అత్తమ్మ రానంది. తర్వాత తానే వచ్చి వెనుక కూర్చుంది. తుంపర పడుతోంది. ఆమె అడిగిందని అద్దాలు ఎత్తాను.

కారు మెత్తగా పోయింది. రెండు మైళ్లు. ఐదు మైళ్లు. వాన చప్పుడు మా మీదే పడింది. అద్దంలో చూస్తే అత్తమ్మ తన పక్క సీటును అరచేత్తో నిమురుతోంది.

ఇగ రాడు, అంది.

రాడు అత్తమ్మా.

అప్పుడు ఏడ్చింది. కొడుకు శవం ముందు కూడా ఏడవని మనిషి. కారు పక్కకు ఆపి నేనూ వెనుక సీట్లోకి పోయాను. ఎంతసేపో. తగ్గాక బయట ఎవరో మక్క కంకులు కాలుస్తున్న వాసన వచ్చింది. ఈ కారులో నాకు ఏదైనా వాసన తెలియడం ఇదే మొదటిసారి. రెండు కొన్నాను. అత్తమ్మ ఉప్పు, కారం ఎక్కువ రాయించుకుంది.

ఆగస్టు 29, మధ్యాహ్నం మూడు

కునుకులో కల. కంది చేల మధ్య రోడ్డు. ఎవరో ఆడమనిషి కారు నడుపుకుంటూ వస్తోంది. దగ్గరికొచ్చాక చూస్తే నేనే. అద్దాలన్నీ దించి ఉన్నాయి, పక్క సీటు ఖాళీ. ఆపమని చెయ్యెత్తాను. నవ్వి, ఆపకుండా పోయింది.

ఆకలేస్తోంది.