సర్వర్ గదిలోకి వచ్చిన ఫ్యాను

తుంగతీర విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్ గారి సముఖమునకు, గద్వాల ప్రాంగణంలో కాంట్రాక్టు మీద నెట్‌వర్క్, సర్వర్లు చూసే టెక్నీషియన్ ఇమ్మానుయేల్ పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సర్వర్ గదికి ఏసీ తిరిగి బిగించుట, విద్యార్థి మల్లేశ్ మీది కేసు ఎత్తివేయుట గురించి.

1. తనిఖీ బృందం వస్తున్నదని మే 6న సర్వర్ గది ఏసీ విప్పి అతిథి గదిలో బిగించినారు. బృందం భోంచేసి వెళ్లిపోయింది. ఏసీ అక్కడే ఉండిపోయినది. నాలుగు లేఖలు ఇచ్చుకొంటిని. "మిషన్లకు గూడ చెమట పడ్తదా?" అని పరిపాలనాధికారి నిరంజన్ గారు సెలవిచ్చినారు.

2. మే 19 ఉదయం, పరీక్షకు గంట ముందు, వేడికి సర్వర్ ఆగిపోయినది. హాల్‌టికెట్లు రావడం నిలిచిపోయినది. అవి లేనిదే ఎవరినీ లోపలికి పంపరాదని తమరి ఉత్తర్వు. నాలుగు వందల మంది విద్యార్థులు సర్వర్ గది తలుపు మీద పడి విరగ్గొట్టినారు. నా తలకు ఏడు కుట్లు పడినవి, మూడు వేళ్లు విరిగినవి. నా నెత్తురు పడిన కీబోర్డును పనికిరానిదని రిజిస్టరులో ఎక్కించినారు. నన్ను ఎందులోనూ ఎక్కించలేదు.

3. నిరంజన్ గారు పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో మొదటి ముద్దాయి గట్టు మండలపు మల్లేశ్. స్టాండు ఫ్యానుతో దాడికి వచ్చినాడని రాసి, నన్ను సాక్షిగా సంతకం పెట్టమన్నారు. పెట్టనిచో ఉద్యోగం లేదన్నారు. మల్లేశ్ దవడ విరిగి, పళ్లు తీగలతో కట్టించుకొని దవాఖానలో ఉన్నాడు. మాట్లాడలేడు. నేను చూడడానికి పోతే వాళ్లమ్మ భీమమ్మ లేచి నాకు కుర్చీ వేసింది. నేను కూర్చోలేకపోయినాను.

4. సంతకం పెట్టను. ముద్దాయి కావలెనంటే ఏసీ విప్పించినవారిని రాసుకొనగలరు.

కావున ఏసీని దాని గదికి, మల్లేశ్‌ను అతని పరీక్షకు పంపించ ప్రార్థన. దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఇమ్మానుయేల్

తా.క.: సార్, ఒక మాట పైన రాయలే. తలుపు ఇరగంగనె అందరికన్న ముందు మల్లేశే వచ్చిండు. ఫ్యాను రెండు చేతుల ఎత్తి పట్టుకున్నడు. సర్వర్ మీద ఏస్తడనుకున్న. తలుపు ఇనుప గడియ ఊడి కిందవడ్డది, అది తీసుకొని మొహం మీద కొట్టిన. ఎముక ఇరిగిన సప్పుడు ఇన్న. అది చూసినంకనే మిగిలినోళ్లు నన్ను కొట్టిండ్రు. మొదటి దెబ్బ నాది సార్. వాడు లోపలికొస్త ఏమో అన్నడు, నా చెయ్యి దిగినంక గని నా చెవికి ఎక్కలే.

"అన్నా, హాస్టల్ ఫ్యాను తెచ్చిన. సర్వర్‌కు పెట్టు, జర సల్లవడ్తది."