ముప్పై ఒకటో స్తంభం తలుపు

చిరంజీవి అమ్మడికి,

మీ నాన్న దీవించి రాస్తున్నాడు. ఇక్కడ నేను, మీ అమ్మ, నానమ్మ, నానమ్మ మోకాలు, నలుగురమూ క్షేమమే. నువ్వు అక్కడ వేళకి తింటున్నానని రాశావు. నేను నమ్మాను. మీ అమ్మ నమ్మలేదు. నువ్వు పంపిన ఫొటోలో మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చని అంటోంది.

నీ ఉత్తరంలో అడిగినవన్నీ ఒక్కొక్కటే చెబుతాను. నానమ్మని మెట్లెక్కొద్దన్నాడు డాక్టరు. మన క్వార్టరు రెండో అంతస్తాయె, ఎక్కొద్దంటే ఇక దిగడమూ లేదు. కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని కాలనీ మొత్తానికీ కాపలా కాస్తోంది. ఎవరింటికి ఎవరొచ్చారో గేటు దగ్గరి వాచ్‌మన్ కంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. పిల్లి తిరిగొచ్చింది. ఎక్కడికి వెళ్లొచ్చిందో చెప్పలేదు గానీ బాగా ఒళ్లు చేసింది.

ఒక లైనులో వీధి దీపాలన్నీ ఒకేసారి పోతే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. మీ సారు మొదటి స్తంభం నుంచి వరసగా చూసుకుంటూ వెళ్లమన్నారని రాశావు. ఆయన పుస్తకం ప్రకారం చెప్పారు. నువ్వు మాత్రం ముందు సప్లై ఆపి, తిన్నగా మధ్య స్తంభం దగ్గరికి వెళ్లు. కింద ఉన్న చిన్న తలుపు తీసి, అవతలికి వెళ్లే కేబులు విడదీసి, ఇప్పుడు సప్లై ఇవ్వు. బోర్డులో ఫ్యూజు నిలిచిందంటే ఇవతల సగం మంచిదే, తప్పు అవతల ఉంది. ఎగిరిందంటే తప్పు ఇవతలే ఉంది. మిగిలిన సగాన్ని మళ్లీ సగం చెయ్యి. పద్నాలుగు స్తంభాల లైనుకి నాలుగు తలుపులు తెరిస్తే చాలు, దొంగ దొరుకుతాడు. తలుపు తీసేముందు మాత్రం ఒకసారి తట్టు. లోపల చీమలుంటాయి, ఒక్కోసారి తేలు కూడా ఉంటుంది. నేను సరదాకి చెప్పడం లేదు.

నాతో పాటు స్తంభాలు చూసే నిచ్చెన బాబాయ్ పనిలోకి రావడం లేదట, ఎందుకని అడిగావు. నీకెవరు చెప్పారో గానీ నిజమే. ఈ సంగతి నీకు రాయకుండా రెండు ఉత్తరాలు దాటేశాను.

మొన్న పెద్ద వాన కురిసిన సాయంత్రం, దీపాలు వెలిగిన పావుగంటకి, మూల ఇంట్లో బట్టలు కుట్టే ఆవిడ ముప్పై ఒకటో స్తంభం పక్కగా నడిచి వెళుతోంది. నీ స్కూలు గౌన్లన్నీ కుట్టిన ఆవిడే. చెప్పులో రాయి పడిందట. దులుపుకుందామని స్తంభానికి చెయ్యి ఆనించింది. అంతే, ఎగిరి అవతల పడింది. ప్రాణం దక్కింది. కుడి అరచెయ్యి కాలింది, వేళ్లు మూడు మొద్దుబారిపోయాయి. సూది పట్టుకుంటే జారిపోతోంది.

మర్నాడు పై ఆఫీసు వాళ్లొచ్చి తలుపు తీసి చూశారు. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ చుట్టి ఉంది. పైన దీపానికి వెళ్లే తీగ, స్తంభం రంధ్రం అంచుకి ఒరుసుకుని తోలు లేచిపోయి, ఇనుముకి తగులుతోంది. ఆరు ఆంపియర్ల ఫ్యూజు ఉండి ఉంటే తగిలిన క్షణంలోనే ఎగిరిపోయేది, దీపం ఆరిపోయేది, అంతటితో సరిపోయేది. రాగి తీగ లావుపాటిది, ఎగరలేదు. స్తంభమంతా కరెంటు పాకింది.

తలుపు లోపలి వైపు మేం పెట్టుకునే గుర్తులు నీకు తెలుసు కదా. పని పూర్తిచేసి తలుపు మూసినవాడు మార్కరుతో తన గుర్తు, తారీఖు వేస్తాడు. బాబాయ్‌ది మూడు మెట్ల నిచ్చెన బొమ్మ. నాది నువ్వు ఒకటో తరగతిలో చెయ్యి ఎత్తకుండా గీయడం నేర్పిన నక్షత్రం. నీకు రాసే ప్రతి ఉత్తరం కిందా పెట్టేది అదే. ముప్పై ఒకటో తలుపు లోపల చివరి గుర్తు నిచ్చెన. ఇంకేం కావాలి? అతన్ని పనిలోంచి ఆపేశారు. నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు.

ఎనభై నాలుగు స్తంభాలూ ఇప్పుడు నా ఒక్కడి మీదే ఉన్నాయి. తాళాల గుత్తి అంతా నా నడుముకే. రోజూ పొద్దున్న ఆ మూల మీదుగానే వెళ్లాలి, ఇంకో దారి లేదు. కుట్టుమిషను చప్పుడు వినబడే కిటికీ అది. ఇప్పుడు వినబడదు. మీ అమ్మ రోజూ మధ్యాహ్నం ఆవిడకి అన్నం పట్టుకెళుతుంది. వచ్చి నాకు వడ్డిస్తూ మొదలుపెడుతుంది.

"ఎంత నిర్లక్ష్యం మనిషండీ అతను! ఇన్నేళ్లు మన ఇంట్లో మనిషిలా తిరిగాడు. మీరైతే అలా చేస్తారా?"

"ముందు కాస్త మజ్జిగ పొయ్యి," అంటాను. ఇరవై రెండేళ్ల కాపురంలో ఇంత మజ్జిగ నేనెప్పుడూ తాగలేదు.

పోయిన ఆదివారం బాబాయ్ మనింటికి వచ్చాడు. గుమ్మంలో తల వంచకుండా లోపలికి రాలేడు కదా, ఈసారి వంగి వచ్చినవాడు వంగే ఉండిపోయాడు.

"అన్నా, ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు," అన్నాడు. "ఫ్యూజు వేసినట్టే ఉంది. కానీ గుర్తు నాదే కదా. అంటే నేనే చుట్టి ఉంటాను. చుట్టకపోతే ఎలా వస్తుంది? నా చెయ్యే చేసుంటుంది, నాకు తెలీకుండా."

"ఊరుకోరా," అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. నానమ్మ కిటికీ దగ్గర నుంచి తల తిప్పి నన్ను చూసింది. ఆవిడ చూపు తప్పించుకోవడానికి పిల్లిని ఎత్తుకున్నాను.

వచ్చే గురువారం నన్ను ఆఫీసుకి రమ్మన్నారు. ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. 'తలుపు లోపలి గుర్తు ఫలానా పనివాడిదే' అని, అంతే. అది అబద్ధం కూడా కాదు అమ్మడూ, అక్షరాలా నిజం. సూపర్‌వైజరు భుజం మీద చెయ్యేసి, "నువ్వు సంతకం పెట్టేస్తే గొడవ వదిలిపోతుందయ్యా," అన్నాడు.

ఇక నువ్వు చివర్లో అడిగిన ప్రశ్న. నీ ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఎనిమిది రోజులైంది. మీ సారు క్లాసులో, 'మీ ఇళ్లల్లో ఫ్యూజు బదులు తీగ చుట్టేవాళ్లు ఎవరు?' అంటే అందరూ నవ్వుతూ చేతులెత్తారని, నువ్వు మాత్రం లేచి నిలబడి, 'మా నాన్న ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఒక్కసారి కూడా చుట్టలేదు సార్' అన్నావని రాశావు. 'నిజమే కదా నాన్నా?' అని కింద గీత గీసి మరీ అడిగావు.

నిజం కాదు అమ్మడూ. ముప్పై ఒకటిలో తీగ చుట్టింది నేనే.

ఆ వానకి ముందు ఒక వారమంతా గాలి. సాయంత్రం గాలి లేవగానే ఆ ఒక్క దీపం ఆరిపోయేది. పొద్దున్న వెళ్లి, తీగల మీది తోలు పరీక్షించే మెగ్గరు పెట్టి చూస్తే అన్నీ బాగున్నట్టే చూపించేది. నాలుగు రోజుల్లో నాలుగు ఫ్యూజులు మార్చాను. గాలికి లోపలి తీగ ఊగి ఇనుముకి తగులుతోందని నాకు తట్టకపోలేదు. తట్టింది. కొత్త తీగ లాగాలంటే స్తంభం పైకెక్కాలి, ఇంకో మనిషి కావాలి, బాబాయ్ ఆ వారం సెలవులో ఉన్నాడు. ఆ స్తంభం ఎదురింట్లో ఉండే పెద్దాఫీసరు సూపర్‌వైజరు మీద అరిచాడు, సూపర్‌వైజరు నా మీద అరిచాడు. ఐదో రోజు జేబులో ఉన్న రాగి తీగ తీసి చుట్టేశాను. సోమవారం బాబాయ్ రాగానే కొత్త తీగ లాగుదామనుకున్నాను. పూర్తికాని పనికి గుర్తు పెట్టం కదా, అందుకే పెట్టలేదు. సోమవారం వేరే లైనులో తవ్వకాల వాళ్లు కేబులు తెంపారు, అటు పరిగెత్తాను. ఇక్కడ దీపం చక్కగా వెలుగుతోంది. వెలిగే దీపం మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. మర్చిపోయాను.

చెప్పేద్దామని రోజూ అనుకుంటాను. చెబితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో క్వార్టరు పోతుంది, నానమ్మని ఆ మెట్ల మీంచి మోసుకుని దింపాలి. నీ సీటు కూడా ఇక్కడి ఉద్యోగి కూతురివన్న పేరు మీద వచ్చిందే. ఎటు తిరిగినా గోడే. నాకు భయంగా ఉంది అమ్మడూ. నీకు భయమని చెప్పడం ఇదే మొదలు. నిన్ను సలహా అడగడానికి రాయడం లేదు. ఆ బరువు నీ మీద పెట్టను.

ఇక్కడ కలం పక్కన పెట్టి లేచాను. మిగతాది తిరిగొచ్చి రాస్తున్నాను.

ముందు మీ అమ్మకి చెప్పాను. పొయ్యి ఆపింది. "మూడు పూటలా అతన్నే తిట్టించారు కదండీ నాచేత," అంది.

తర్వాత బాబాయ్ ఇంటికి వెళ్లాను. గిన్నెలు గోనెసంచిలో కడుతున్నాడు. నిలబడే చెప్పాను. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని, "ముప్పై ఒకటా?" అన్నాడు. ఔనన్నాను.

"అయితే నా చెయ్యి కాదన్నమాట," అని కింద కూలబడి, రెండు చేతులూ ముందు పెట్టుకుని చూసుకుంటూ ఏడ్చాడు. "పదిహేను రోజుల నుంచి పిల్లల తల మీద కూడా చెయ్యి వెయ్యలేదన్నా," అన్నాడు. నేను దగ్గరికి వెళ్లబోతే, "ఇప్పుడొద్దు, వెళ్లిపో," అన్నాడు. వచ్చేశాను.

సూపర్‌వైజరు నేను రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివాడు. "గురువారం దాకా ఆగితే నీ సొమ్మేం పోయేదయ్యా," అని గొణిగి, తాళాలు బల్ల మీద పెట్టమన్నాడు. పెట్టేశాను. నడుము తేలికయింది. క్వార్టరు సంగతి, నీ సీటు సంగతి పైవాళ్లు తేలుస్తారట. ఏం తేలుస్తారో నాకు తెలియదు. నీకు ఏ కబురు వచ్చినా నా మీద కోపం తెచ్చుకో, చదువు మీద తెచ్చుకోకు.

చివరగా కుట్టుపని ఆవిడ దగ్గరికి వెళ్లాను. అంతా విని, ఎడమ చేత్తో తలుపు దగ్గరికి వేసింది. గడియ పెట్టలేదు. రేపు మళ్లీ వెళతాను.

మీ సారు ఆ ప్రశ్న మళ్లీ అడగకపోయినా సరే, నువ్వే లేచి నిలబడు. మా నాన్న ఒకసారి చుట్టాడు సార్ అని చెప్పు. ఏమైందో కూడా చెప్పు.

ఉత్తరం కింద నక్షత్రం కోసం వెతక్కు. ఆవిడ వేళ్లు ఇంకా సూది పట్టడం లేదు.

ఇట్లు,
మీ నాన్న