కంప్యూటర్ వంతెన కింద నీ గడ్డిమోపు

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. లారీ నిన్ను కొట్టిన చోటే ఇప్పుడు వంతెన కట్టబోతున్నారు. కట్టకముందే దాన్ని పైపులతో సహా కంప్యూటర్లో నిలబెట్టడం మా ఆఫీసు పని. ఒకదానికొకటి అడ్డం తగిలితే తెర మీద అక్కడ ఎర్రగా చూపిస్తుంది.

మన ఊరు లాల్‌గడి మలక్‌పేట ఆడవాళ్లు ఇంకా నీలాగే రోడ్డుకు అవతలి నుంచి గడ్డి తెస్తున్నారు. అందుకే ఈరోజు వంతెన కింది నడకదారిలో నిన్ను పెట్టాను. నీ అంత ఎత్తు బొమ్మ, నెత్తిన మోపు. దారి పైనుంచి కొత్త ఇళ్ల వెంచర్లకు పోయే నీళ్ల పైపుకు మోపు తగిలి తెర ఎర్రబడింది.

మేనేజరు చూశాడు. "గీ బొమ్మను ఎవరు పెట్టమన్నరు? తీసెయ్. పైపు జరపాలంటే మస్తు పరేషాన్. జర తల వంచుకొని పోతరు తీ."

"మోపు నెత్తిమీదుంటే తల వంచరాదు సార్. వంచితే మోపు పడతది."

"నువ్వు తీస్తవా, నన్ను తియ్యమంటవా?"

"నేనైతే తియ్య. మీరు తీస్తే మళ్ల పెడ్త."

రేపు రోడ్డు అధికారులకు ఇదే చూపించాలి. ఆ ఎరుపు వాళ్లూ చూస్తారు. పైపు జరిగేదాకా అక్కడే నిలబడమ్మా. మోపు దించకు.