గుర్రం పరేషాన్

గురువారం, లింగాల ఘనపూర్

మా ఎద్దును జర చూడు సారూ అంటే కోస్తా డాక్టరు నా యాసకు నవ్వి ఇరవై ఏళ్లయింది. నేను మరువలేదు. ఇప్పుడు అదే నవ్వు నా మనవరాలికి తగిలింది. పశువైద్య కాలేజీలో సారు పొర్లుతున్న గుర్రాన్ని చూపించి, దీనికేమైందని అడిగాడట.

"కడుపు నొస్తాంది సార్, గుర్రం పరేషానున్నది అన్న తాతా. గుర్రానికి ఉర్దూ కూడా వచ్చా అన్నడు సారు. అందరు నవ్విన్రు. ఇగ నేను పోను."

రోగం సరిగ్గా పట్టింది మా పిల్ల ఒక్కతే. రాష్ట్రం కావాలని నేను రోడ్డు మీద కూర్చున్నది మా ఈ మాట మర్యాద కోసమే. రేపు దాన్ని నేనే కాలేజీకి తీసుకుపోతాను. తప్పు రోగం పట్టడంలో ఉందా, మా మాటలో ఉందా? సోమవారంలోగా ఆ సారు అదే క్లాసులో, అందరి ముందు చెప్పాలి.