సీసా మెడకు కట్టిన ఎర్ర పోగు

నాయినా,

నేను అంబుబాయిని. నువ్వు పోయి నాలుగు నెలలు దాటింది. దాజీపేటలో మన ఇల్లు అట్లాగే ఉంది. రంగు గంగాళాలు బోర్లించి పెట్టాము. నువ్వు అద్దిన ప్రతి రంగులోంచీ వేలెడు పోగు తీసి ముడేసుకున్న నమూనాల తాడు ఇంకా గోడ మేకుకే వేలాడుతోంది. అమ్మ దాన్ని ఎవరినీ ముట్టనివ్వదు.

నీకు ఒక సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ మొహం చెల్లలేదు...

పదోరోజున నీకు పిండం పెట్టాము. జొన్న రొట్టె, పల్లీల చట్నీ, నువ్వు తాగే బీడీలు కూడా పెట్టాము. కాకులు వచ్చి గోడ మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. చెల్లె శాంత పెళ్లి మంచిగా చేస్తానని అమ్మ మొక్కింది. దిగలేదు. గంగాళాలు పరాయివాళ్లకు ఇయ్యమని చిన్నాయిన మాటిచ్చాడు. దిగలేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. అప్పుడు నీ అక్క పోశవ్వత్త కొంగు నడుముకు దోపుకొని ముందుకొచ్చి, ఓ తమ్మీ, దవాఖానల కోసిన నీ ముక్క నీ బిడ్డ తెస్తదిరా, ఇగ తిను, మాకు గూడ ఆకలైతున్నది అని అన్నది. ఆ మాట ఇంకా ఆమె నోట్లో ఉండగానే ఒక కాకి దిగి రొట్టె తుంచుకుపోయింది.

అందరూ నా వైపు చూశారు.

అది ఆకలికి దిగిందా, అత్త మాటకు దిగిందా? ఏడో తరగతి దాకా ఈ ఊరి మరాఠీ బడిలో చదివినదాన్ని. కాకికి మన మాటలు తెలియవని నాకు తెలుసు. అయినా ఆ మాట నా పేరు మీద ఇచ్చారు కదా...

నీ మెడ గడ్డలోంచి ముక్క కోసిన రోజు ఒక కాగితం తెచ్చి, ఎవరు సంతకం పెడతారని అడిగారు. మన ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టగలిగింది నేనొక్కదాన్నే. గర్వంగా పెట్టాను. నాకు మరాఠీ వచ్చు. తెలుగు రాయడం భజన మందిరంలో నేర్చుకున్నాను. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది నాయినా. చదువుకున్నదాన్నని సంతకం పెట్టాను, చదవకుండా.

రక్తం అయిదు సార్లు తీశారు. నువ్వు సూది వైపు చూసేవాడివి కాదు, సీసాలోకి చూసేవాడివి. "ఈ ఎరుపు నిలువదు బిడ్డా, ఒక్క ఉతుకుకే పోతది" అన్నావు. తరువాత గొంతు తగ్గించి నన్ను అడిగావు. "చూసెతందుకు ఒక్క చుక్క చాలదా? మిగిలింది ఏం జేస్తరో అడుగు. నీకు మరాఠీ వస్తది కద."

నేను అడగలేదు. అంత పెద్ద డాక్టరును అట్లా అడిగితే ఏమనుకుంటాడో అనిపించింది. అడిగానని నీకు అబద్ధం చెప్పాను. పారబోస్తారట అన్నాను. నువ్వు నమ్మావు... నమ్మావా?

ఇప్పుడు పేటలో రకరకాలుగా అంటున్నారు. మగ్గాల దగ్గర మగవాళ్లు ఆ రక్తం ఫౌజుకు పోతుందంటారు. లడాయిలో దెబ్బ తిన్నవాళ్లకు ఎక్కిస్తారట. కండెలు చుట్టే ఆడవాళ్లు మాంసం మరిగించి మలాము చేస్తారంటారు. అది దొరల మోకాళ్లకు పూస్తరంట, రంగులద్దెటోని కండ కద, వాళ్ల కాళ్లు ఎర్రగైతయి అని ఒకామె నేను వినేటట్టే అన్నది. అందరూ నవ్వారు. కాదని నేను ఎట్లా చెప్పను? నాకు తెలిస్తే కదా.

అక్కడితో ఆగినా బాగుండేది. పోయిన నెలలో చెల్లె శాంతకు జడ వేస్తుంటే నా వేలికి ఏదో తగిలింది. చెవి కింద, నీకు ఉన్న చోటే. శనగ గింజంత. దానికి పద్నాలుగేళ్లు...

దవాఖానాకు తీసుకుపోదామన్నాను. అమ్మ తలుపుకు అడ్డంగా కూర్చుంది. మీ నాయిన ముక్క ఇంటికొచ్చెదాక ఈ ఇంట్లకెల్లి ఇంకో ముక్క పోదు, సంతకం పెట్టినదానివి నువ్వే, పోయి నువ్వే తే అన్నది.

మంగళవారం ఒక్కదాన్నే పోయాను. పరీక్షలు చేసే గది వెనుక వైపు ఉంది. అందులో కళ్లద్దాలకు దారం కట్టుకున్న ముసలి మరాఠీ ఆయన. పెద్ద డాక్టరును అడుగు పో అన్నాడు. అటు పోతే డాక్టరు లేడన్నారు. దాచడానికి ఏమీ లేకపోతే ఇన్ని గదులు ఎందుకు తిప్పుతారు? తిరిగి వచ్చి ఆయన గడపలో నిలబడ్డాను. మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. చివరికి ఆయనే విసిగి చెప్పాడు.

రక్తంతో ఒకటి కాదు, నాలుగు పరీక్షలు చేస్తారట. మిగిలింది గడ్డకట్టి చెడిపోతుందట. గుంతలో పోసి సున్నం చల్లుతారట. చెడిన రక్తం ఫౌజువాళ్లు ఏం చేసుకుంటారు బాయీ అని నవ్వాడు. గుంత చూపించమన్నాను. నవ్వు ఆగింది. చూపించాడు. పైన తెల్లగా సున్నం ఉంది. కింద ఏముందో తవ్వి చూడలేను కదా... సగం నమ్మాను.

ముక్క అడిగాను. అలమరలో వరసగా సీసాలు. ఒకటి తీశాడు. ఆ మందు ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపల గోరంత తునక, పాలిపోయి ఉంది. పేరు లేదు. ఒక అంకె వేసిన చీటీ, అది కూడా ఒక అంచున లేచిపోయింది. ఇది మా నాయినదేనని ఎట్లా తెలుస్తుందని అడిగాను. అంకె ఉంది కదా అన్నాడు. అంకెకు నీ మొహం తెలుసా?

తరువాత ఒక గాజు బిళ్ల చూపించాడు. ఆ ముక్కలోంచి పోగుకన్నా పలచగా ఒక పొర కోసి దాని మీద పరిచారట. ఊదా, గులాబీ రంగులు. రంగు వేయకపోతే జబ్బు కంటికి కనబడదట. నీకే రంగు వేశారు నాయినా. అంచుల దాకా సమంగా పట్టింది. నువ్వుంటే ఎంతసేపు నానబెట్టారని అడిగేవాడివి.

సీసా ఇవ్వమన్నాను. ఇవ్వనన్నాడు. ఆ ఇంట్లోనే ఇంకెవరికైనా గడ్డ వస్తే పక్కపక్కన పెట్టి పోల్చి చూడాలట. శాంత సంగతి నేనింకా చెప్పనే లేదు... ఉంచుకుంటామని మాకెందుకు చెప్పలేదు అన్నాను. ఆయన కట్టలోంచి ఒక కాగితం లాగి వేలు పెట్టి చూపించాడు. ఇంగ్లీషులో ఒక వరస. దాని కింద గుండ్రటి అక్షరాలతో నా సంతకం.

ఇంటికి వచ్చి నీ తాడు కింద కూర్చున్నాను. ఒకసారి సావుకారు అరుగు మీద నిలబడి నిన్ను నూలు దొంగ అన్నాడు, గుర్తుందా? నువ్వు చేతిలో నూలు చిలప పట్టుకొని నిమ్మళంగా చెప్పావు. "కొంచెం ఉంచుకోకుంటె రేపు దేంతోటి పోల్చాలె సేఠ్? అడిగి తీస్తె నమూనా, అడగక తీస్తె దొంగతనం. నేను నీ కండ్ల ముందట తీస్తున్న."

మరి వీళ్లు తీసింది ఏది? అడిగారు... కానీ నాకు రాని భాషలో అడిగారు. అది అడగడమేనా?

అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. నీకు చెప్పిన అబద్ధం కూడా చెప్పాను. అమ్మ లేచి తాడు మీదినుంచి ఒక ఎర్ర పోగు విప్పింది. మీ పెళ్లిలో అమ్మ చీరకు నువ్వు అద్దిన ఎరుపు. ఇన్నేళ్లకూ వెలిసిపోలేదు. చీటీ ఊడిపోతది, ఇది కట్టు అన్నది. అని, దవాఖానాకు పోదామని శాంతకు తలదువ్వడానికి కూర్చుంది.

నిన్న ముగ్గురం పోయాము. ఈసారి కాగితం వరస వరసా మరాఠీలో చదివించాను. ముసలాయన గొణుగుతూనే చదివాడు. పోల్చడం అయ్యాక మిగిలిన ముక్కలు, నీదీ శాంతదీ, ఇంటివాళ్లకు ఇవ్వాలని అడుగున రాయమన్నాను. డాక్టరు నన్ను పైకీ కిందికీ చూసి, సాలోళ్ల ఇంట్లో వకీలు ఎప్పుడు పుట్టిందని అడిగాడు. వకీలును కాను, రంగులద్దేవాడి బిడ్డను అన్నాను. రాశాడు. ఆ తరువాతే సంతకం పెట్టాను.

రక్తం తీసినా, ముక్క కోసినా శాంత ఏడవలేదు. నీలాగే సీసాలోకి చూసింది.

నీ సీసా మెడకు ఎర్ర పోగు కట్టాను. పోగు తెగితే వేయమని నువ్వు నేర్పిన ముడి. లాగినకొద్దీ బిగుస్తుంది. ఆ దవాఖానాలో దాన్ని విప్పగలిగినవాళ్లు లేరు. కోయాలి. కోస్తే నాకు తెలుస్తుంది.

సోమవారం శాంత సంగతి చెబుతామన్నారు. నాకు భయంగా ఉంది నాయినా... కాకికి ఇచ్చిన మాట ఇంకా తీరలేదు. నువ్వు ఇంకొన్ని దినాలు ఆ అలమరలోనే ఆగు. శాంత పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా. పోల్చడం అయిన రోజు నేనే వచ్చి నిన్ను ఇంటికి తెస్తాను.

సోమవారం గదిలోకి పోగానే ముందు ముడి చూస్తాను. తరువాతే వాళ్ల మాట వింటాను.

అడగడం ఆలస్యంగా నేర్చుకున్న
నీ అంబుబాయి