ఎదురుగాలికి ముయ్యి

అనంతపురం,
మే నెల, రెండో వారం

ప్రియమైన జమాల్ అన్నకు,

మన ఆఫీసు సైకిల్ షెడ్డును అధికారుల కార్లకు అప్పగించింది నువ్వే. ఇంకొకరి మీదికి తోయకు. ఉద్యోగుల సంఘం కార్యదర్శివి నువ్వు. తీర్మానం కింద ‘అభ్యంతరం లేదు’ అని రాసి పెట్టిన సంతకం నీది. కణేకల్‌కు బదిలీ అయి పోయావు కాబట్టి మాకు తెలియదనుకున్నావా? వాట్సాప్‌లో అడిగితే దండం పెట్టే బొమ్మ ఒకటి పంపి తప్పించుకుంటావు. అందుకే కాగితం మీద రాస్తున్నా. దీనికి బొమ్మతో జవాబివ్వడం కుదరదు.

నీ కంటికి అవి నాలుగు రేకులు. ఈ ఎండలో బయట పెట్టిన సైకిల్ సాయంత్రానికి ఏమవుతుందో నీకు తెలుసు. ట్యూబు ఠప్పుమంటుంది, సీటు మీద కూర్చుంటే వాత పడుతుంది. జూనియర్ అసిస్టెంటు పద్మప్రియ రుద్రంపేట నుంచి తొక్కుకుంటూ వస్తుంది కదా, నిన్న ఏమందో విను: “షెడ్డు పాయిందంటే నా సైకిల్ పాయినట్లే అక్కా. మళ్ళా మా ఆయన బండెనక కూసోవాల. ఆయన ఎప్పుడు బయలుదేరితే అప్పుడు, ఎప్పుడొచ్చి పిలిస్తే అప్పుడు.” ఆ పిల్లకు తనదంటూ ఉన్న వేళ ఆ రేకుల కింద ఉంది. దాన్ని నువ్వు రాసిచ్చేశావు.

సైకిల్ తొక్కండి, ఆరోగ్యం, పర్యావరణం అని చెప్పేవాళ్ళకు ఈ ఊళ్ళో కొదవ లేదు. చెప్పి ఏసీ కారెక్కి పోతారు. నువ్వు పెట్టించిన సైకిల్ పోటీ సంగతేమిటి? ఏడాదంతా తొక్కినవాడికి మొదటి బహుమతి స్కూటర్ మీద తగ్గింపు కూపన్! నాగన్న గెలిచాడు, ఆ కూపన్ పెట్టి స్కూటర్ కొన్నాడు. మన సైకిల్ జట్టులో అందరికంటే గట్టివాణ్ణి పూలదండ వేసి మరీ సైకిల్ దించేశావు.

జవాబు రాయి.

కోపం తగ్గని నీ చెల్లెలు,
షాహిదా

కణేకల్,
మే నెలాఖరు

చెల్లెలు షాహిదాకు,

నీ ఉత్తరం మీ వదిన మస్తానాబీ నాకంటే ముందే చదివింది. “ఇంకో నాలుగు తగిలించాల్సింది” అని నా చేతిలో పెట్టింది. ఇంట్లో కూడా నాకు సంఘం లేదు.

కూపన్ తప్పే. షోరూం వాళ్ళు అందరికీ టిఫిన్లు పెడతామంటే పడిపోయాను. సంతకం సంగతి మాత్రం పూర్తిగా విను. పెద్దసారు నన్ను పిలిచి పోయినేడు తీసిన ఫోటోలు చూపించాడు. కార్తీకంలో తీసినదాంట్లో షెడ్డు నిండా సైకిళ్ళే. మేలో తీసినదాంట్లో నీది, పద్మప్రియది, ఎవరో వదిలేసిపోయిన తుప్పుబండి ఒకటి. ఆషాఢంలో తీసినదాంట్లో ఆ తుప్పుబండి కూడా గాలికి పడిపోయి ఉంది. “ఏమప్పా జమాల్, కుక్కలు పండుకునేకా ఈ జాగా?” అన్నాడు. నేనేం చెప్పాలి? చలికాలంలో సైకిల్, ఎండాకాలంలో మోటారుబండి, గాలికాలంలో సెలవుచీటీ. ఇదీ మన ఉద్యమం.

నువ్వు చేసింది మాత్రం ఏముంది? సైకిల్ మీద రానివాళ్ళ పేర్లు నోటీసుబోర్డు మీద రాశావు. సైకిళ్ళు పెరగలేదు గానీ, బోర్డు కంట పడకుండా అందరూ వెనక గేటు నుంచి రావడం మొదలుపెట్టారు. సిగ్గుపరిస్తే జనం సైకిలెక్కరమ్మా, నీకు దూరంగా తిరుగుతారు.

అయినా పెద్దసారును బతిమాలి గడువు తెచ్చాను. ఆషాఢం వెళ్ళేదాకా షెడ్డు ముట్టరు. ఆ గాలిలో కూడా జనం తొక్కితే తీర్మానం వెనక్కి తీసుకుంటానని నోటితో అన్నాడు. జనాన్ని తీసుకురా, తక్కినది నేను చూసుకుంటా.

నీ అన్న,
జమాల్ బాషా

అనంతపురం,
జూలై నెల

ప్రియమైన జమాల్ అన్నకు,

తీసుకొచ్చాను.

మొదట ఎవరూ కదలలేదు. ఈ నెలలో పొద్దున ఆఫీసు దారంతా ఎదురుగాలే, నీకు చెప్పనక్కర్లేదు. రికార్డు రూములో ఎర్రన్న ఉన్నాడు కదా, బెళుగుప్ప మనిషి, చేతులెత్తి దండం పెట్టాడు. “నేను తొక్కేది ముందుకు, అది పోయేది ఎనక్కి. నాకెందుకు మేడమ్ ఈ పీడ?”

నాకు మా నాయన చేను గుర్తొచ్చింది. “మీ ఊర్లో శెనక్కాయ చేలో కలుపుకు ముయ్యి పోతారు గదా ఎర్రన్నా, ఎండని ఎవురన్నా ఎగ్గొడతారా?” అన్నాను.

“ఎట్ల ఎగ్గొడతారు? వాళ్ళొచ్చి మన చేలో వంగి చేసిపాయినాక మనం పోకుంటే మొగం యాడ పెట్టుకోవాల?”

పిలుపుకు అన్నవే గానీ నువ్వు టౌన్లో పుట్టినవాడివి, నీకు తెలియదేమో. ముయ్యి అంటే ఇవాళ నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. కూలి లేదు, మాట చాలు. గాలికీ అదే పెట్టాం. అందరం ఒకచోట కలిసి వరసగా బయలుదేరుతాం. ముందున్నవాళ్ళు గాలి కాస్తారు, వెనకవాళ్ళు ఆ చాటున తొక్కుతారు. రేపు ఇంకొకరు ముందు. నిన్న నా వెనక చాటున వచ్చినవాడు ఇవాళ ఇంట్లో పడుకోలేడు. బోర్డు చేయలేని పని ఇది చేసింది.

పద్మప్రియ వంతు రోజు చూడాల్సింది నువ్వు. చున్నీ నడుముకు బిగించి వెనక్కి కేకేసింది: “ఎర్రన్నా, నా చాటున నిద్రపోతాండావా ఏమి? నీ గురక గాలికంటే పెద్దగుండాది!” నాగన్న స్కూటర్ మీద మా పక్కనే వస్తూ కొన్నాళ్ళు ఎగతాళి చేశాడు. తరువాత ఒకరోజు పాత సైకిల్ దులుపుకొని వచ్చి వరస చివర చేరాడు. “ఆ బండి మీద ఒంటిగా పోతే మాట్లాడేకి మనిషి లేడప్పా” అన్నాడు. మర్నాడే ముందు వంతు వేశాం.

షెడ్డు నిండింది. ఫోటో ఈ ఉత్తరంతో పంపుతున్నా. పెద్దసారుకు చూపించి ఆ తీర్మానం చింపించు.

నీ చెల్లెలు,
షాహిదా

కణేకల్,
ఆగస్టు మొదటివారం

చెల్లెలు షాహిదాకు,

పని మానుకుని అనంతపురం వచ్చి ఫోటో పెద్దసారు బల్ల మీద పెట్టాను. చాలా సంతోషపడ్డాడు. లేచి నా భుజం తట్టాడు. “శభాష్! ఇంత గాలిలో తొక్కినోళ్ళప్పా వీళ్ళు! ఇట్లాంటి గట్టి మనుషులకు నీడెందుకు? యాడ పెట్టినా తొక్కుతారు” అన్నాడు. ఫోటోను పెద్ద బ్యానర్ వేయించి పోర్టికోకు కట్టమని అక్కడే చెప్పాడు. రేకులు సోమవారం దించుతారు.

ఆయనకు దండం పెట్టి బయటికొచ్చాను. బస్సెక్కి వచ్చేశాను. “సభల్లోనే లేస్తాదా నీ నోరు?” అని మస్తానాబీ అడిగింది. బుధవారం సంఘం మీటింగు ఉంది. ఏం అడగాలో రాసి పంపు. ఈసారి అదే చదువుతా.

జమాల్ బాషా

అనంతపురం,
సోమవారం

ప్రియమైన జమాల్ అన్నకు,

రేకులు దించేశారు. పద్మప్రియ ఇవాళ భర్త బండి వెనక వచ్చింది. ముందు వంతు ఆమెది. చాలాసేపు చూసి మేమే బయలుదేరాం. సాయంత్రం అందరూ పోయాక కూడా ఆయన కోసం గేటు దగ్గర నిలబడి ఉంది.

తొక్కకపోతే, తొక్కడం లేదు కాబట్టి షెడ్డు లేదన్నారు. తొక్కితే, ఎలాగూ తొక్కుతున్నారు కాబట్టి అక్కర్లేదన్నారు. కారులో వచ్చేవాణ్ణి ఎప్పుడైనా, ముందు ఎండలో నిలబడి నీ పట్టుదల చూపించు, ఆ తరువాత నీడ ఇస్తాం అన్నారా? మన ఓర్పును పరీక్ష పెట్టి చూశారు, నెగ్గామని చెప్పి శిక్ష వేశారు. ఆ పరీక్షకు గడువు తెచ్చినవాడివి నువ్వు, జనాన్ని కూర్చోబెట్టినదాన్ని నేను. ఇక ఒప్పుకునేది లేదు. జనం ఏడాదంతా తొక్కాలంటే ఏడాదంతా తొక్కగలిగే వీలుండాలి. మనిషిలో ఉత్సాహం వెతికేవాళ్ళు ముందు రోడ్డు మీద నీడ వెతకాలి.

రేపు పొద్దున వరస పద్మప్రియ ఇంటిముందు ఆగుతుంది. అక్కడి నుంచి నేరుగా పోర్టికోలోకి. కార్ల చోట సైకిళ్ళు పెడతాం, తీయం. బుధవారం నువ్వు చదవాల్సింది కింద ఉంది. మెత్తన చేయకు.

నీ చెల్లెలు,
షాహిదా

మా డిమాండ్లు:

1. షెడ్డు తీర్మానం రద్దు చేయాలి. సంఘం తన సమ్మతిని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి.

2. రేకులు అదే చోట తిరిగి వేయాలి. ఎంతమంది వస్తున్నారని అడగకూడదు.

3. ఎండాకాలంలో సైకిల్ మీద వచ్చేవాళ్ళకు పొద్దున పెందలాడే పనిలో చేరి, ఎండ ముదరకముందే ఇంటికి పోయే వీలు ఇవ్వాలి.

4. ఆడవాళ్ళు మొహం కడుక్కుని బట్టలు మార్చుకునేందుకు లోపల గొళ్ళెం ఉన్న గది ఇవ్వాలి.

5. రోడ్డు పక్కన కంపచెట్లు కొట్టించినవాళ్ళు మా టైర్లకు గుచ్చుకుంటున్న ముళ్ళు ఊడ్పించాలి. ఆ రోడ్డుకు నీడనిచ్చే చెట్లు నాటించి నీళ్ళు పోయించాలి.

6. పోర్టికో మీద కట్టిన మా ఫోటో తీసేయాలి.