బండిబాట మీద ఒట్టు

అనంతపురం

నాయనా,

నేను క్షేమం, నా తిండి గురించి అమ్మను బెంగ పడొద్దను.

మా లాయరమ్మ యశోదమ్మ నాతో హైకోర్టు అప్పీలు తీర్పులు చదివిస్తున్నారు. నిన్నటిది అచ్చం మన బండిబాట కేసే. కింది కోర్టులో గెలిచిన రైతు పైన ఎందుకు ఓడిపోయాడా అని మళ్లీ మళ్లీ చదివాను. పక్క చేనువాడు బాట మూయనే లేదట, ఇతనే అలిగి బండి తోలడం మానుకుని బాట హక్కు పోగొట్టుకున్నాడట! మన సంగతి చెబితే యశోదమ్మ, "మీ నాయన రోషం మీసాల్లో పెట్టుకోమను పాపా. బండి మాత్రం ఆ బాటనే పోవల్ల" అన్నారు.

మన పక్క చేను కుళ్లాయప్పతో మాటామాటా పెరిగి, తీర్పు వచ్చేదాకా బాట పోయే అతని చేలో కాలు పెట్టనని నా తలమీద ఒట్టేశావు కదా. దిబ్బ ఎరువు రేపే ఆ బాటన తోలు.

బెళుగుప్పలో వాన పడిందా? ఎనుము ఈనిందా? అమ్మకు, అవ్వకు దండాలు. ఒట్టు తప్పితే నాకేమీ కాదు నాయనా, నేను గట్టిదాన్నే.

నీ ఆశ్రిత